కొత్త బండి మొదటి ఆయిల్

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది పిన్ని, బాబాయి, మేము మామ్మ అని పిలిచే బాబాయి వాళ్ళమ్మ, చిట్టెలుక, నేను. చిట్టెలుక అంటే పిన్ని కూతురు. పళ్ళు వచ్చిన దగ్గర్నుంచి దొరికిందల్లా కొరుకుతుంటే మామ్మ పెట్టిన పేరది. వాకిట్లో కొత్త కారు కూడా ఉంది. దాన్నీ లెక్కలో వేయాలి, ఎందుకంటే ఆ రోజు మా నాన్న వస్తున్నది దాని కోసమే.

నాన్నకి మా ఊళ్ళో రోడ్డు పక్కన రిపేరు షెడ్డు ఉంది. కార్లు, వ్యాన్లు, ట్రాక్టర్లు, దారిలో ఏది మొరాయిస్తే అది అక్కడికి వస్తుంది. నేను ఆ ఊరి బళ్ళో పదో తరగతి దాకా చదివి, పైచదువుకి పిన్ని వాళ్ళింటికి వచ్చాను. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి తన సంచీని మా ఇద్దరి మధ్య పెట్టుకుంటుంది. నా మీద కోపమేమీ లేదు. ఆ అమ్మాయి మాట్లాడే వాళ్ళంతా అటువైపు ఉంటారు, అంతే. ఇంట్లోనూ అందరూ మంచివాళ్ళే. నన్నెవరూ పల్లెత్తు మాట అనరు. అసలు ఏ మాటా అనరు. సాయంత్రం నేను గుమ్మంలోకి రాగానే పిన్ని "వచ్చావా" అని చిట్టెలుకని నా చేతికిస్తుంది. చుట్టాలెవరైనా వస్తే "మా అక్క కూతురు, నోట్లో నాలుక లేని పిల్ల" అని చెబుతుంది. మెచ్చుకోలుగానే చెబుతుంది.

నాకు ఇంటికి వెళ్ళిపోవాలని ఉంది. సెలవులకి కాదు, పూర్తిగా. ఆ మాట డైరీలో చాలాసార్లు రాశాను గానీ, చెప్పాల్సింది నాన్నతో. ఫోన్‌లో చెప్పలేను. ఫోన్ పిన్నిది, ఆవిడ పక్కనే ఉంటుంది. ఎదురుగా నిలబడీ చెప్పలేను. మొహాలు చూసుకుంటూ మాట్లాడుకోవడం మా ఇద్దరికీ చేతకాదు. నాన్నా నేనూ మాట్లాడుకునే చోటు ఒక్కటే. ఆయన బండి కింద పడుకుని ఉంటారు, నేను పక్కన గొంతుక్కూర్చుని పానాలు అందిస్తుంటాను. ఆయనకి నా పాదాలు కనిపిస్తాయి, నాకు ఆయన మోకాళ్ళు కనిపిస్తాయి.

అందులోనూ ఆయిల్ మార్చేటప్పుడే ఎక్కువ మాట్లాడుకుంటాం. అడుగున నట్టు విప్పగానే వేడి ఆయిల్ ధారగా పడుతుంది, తర్వాత సన్నగిల్లుతుంది, చివరికి బొట్టు బొట్టుగా కారుతుంది. ఆఖరి బొట్టు దాకా ఆగాలి. ఆగడం తప్ప వేరే పని లేదు కనక నాన్న ఏదో ఒకటి అడుగుతారు. ఎనిమిదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పానని చెప్పింది అప్పుడే. నాన్నమ్మ పోయిన నెలలో ఆయన గొంతు పూడుకుపోవడం విన్నదీ అప్పుడే.

కారు కొన్నరోజు బాబాయి ఫోన్ చేస్తే, నాన్న ముందు ఆయిల్ సంగతే ఎత్తారట. కొత్త ఇంజన్‌లో భాగాలు మొదట్లో ఒకదాన్నొకటి రాసుకుంటాయి, కంటికి ఆనని ఇనప రజను ఆయిల్లో కలుస్తుంది, అందుకని కంపెనీ వాళ్ళు పోసి పంపిన ఆయిల్‌ని వెయ్యి కిలోమీటర్లకే తీసేయాలి, నేనే వచ్చి మారుస్తాను అన్నారట. బాబాయి సరేనన్నారు. పిన్ని ఈ సంగతి చెప్పిన రోజు నుంచి నేను కారు మీటరు చూడడం మొదలుపెట్టాను. బాబాయి ఆఫీసు నుంచి రాగానే చిట్టెలుక కారెక్కుతానని పేచీ పెడుతుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మీటరు కనిపిస్తుంది. ఇంటికీ ఆఫీసుకీ, ఆఫీసు నుంచి కూరగాయల అంగడికీ తిరిగే బండి, అంకెలు నత్తనడక నడిచేవి. బాబాయి మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాన్ని తుడుస్తూ ఉండేవారు. తలుపు వేస్తే చప్పుడు రాకూడదు, మెల్లగా నొక్కాలి. ఇంట్లో అందరికీ నేర్పించారు. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడు" అని మామ్మ అరుగు మీద కూర్చుని నవ్వేది.

చివరికి మీటరు వెయ్యికి చేరింది. నాన్న ఆదివారం వస్తానన్నారు. ముందురోజే నేను, నాన్న బండి కింద పడుకోవడానికి పాత దుప్పటి, ఆయిల్ పట్టడానికి చిల్లు లేని పాత బేసిన్, తుడుచుకోవడానికి గుడ్డలు తీసి మెట్ల కింద పెట్టాను. చెప్పాల్సిన మాట కూడా సిద్ధంగా ఉంది. "నాన్నా, నేను ఇంటికొచ్చేస్తాను." చిన్న వాక్యమే. రెండు బొట్ల మధ్య పట్టేస్తుంది.

ఆదివారం పొద్దున టీ తాగుతూ బాబాయి, నిన్న షోరూంకి వెళ్ళానని, అక్కడివాళ్ళు ఆయిల్ ఇప్పుడే మార్చనక్కర్లేదన్నారని చెప్పారు. మరి బావకి ముందే చెప్పొద్దా అని పిన్ని విసుక్కుంది. అప్పటికే నాన్న బస్సులో ఉన్నారు. నేను చిట్టెలుక నోట్లోంచి చెంచా లాగుతూ ఉండిపోయాను.

నాన్న వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఎంత రుద్దినా పోని నలుపు గోళ్ళ చుట్టూ ఉంది. సంచీలో ఆయిల్ డబ్బా, పేపర్లో చుట్టిన ఫిల్టరు, పానాలు ఉన్నాయి. సోఫా అంచున కూర్చుని, మోకాళ్ళ మధ్య సంచీ పెట్టుకుని టీ తాగారు. బాబాయి చాలాసేపు బస్సు గురించీ వానల గురించీ మాట్లాడి, చివరికి మొహమాటపడుతూ అసలు విషయంలోకి వచ్చారు.

"అన్నయ్యా, ఇప్పటి ఇంజన్లకి వెయ్యికే మార్చక్కర్లేదంటున్నారు. కంపెనీ ఆయిల్ పదివేలు తిరిగేదాకా, లేదంటే ఏడాది దాకా, ఏది ముందైతే అది. కారుతో ఇచ్చిన పుస్తకంలో కూడా అలాగే ఉంది."

నాన్న కప్పు కింద పెట్టారు. "తెలుసు తమ్ముడూ. మా ఊరి హెడ్మాస్టరుగారు కొత్త కారు కొంటే నేనే చెప్పా, పుస్తకంలో ఎలా ఉంటే అలా చేయండి, తొందరేం లేదని. వెయ్యికి తీసేయడం పాత ఇంజన్ల నాటి మాట."

పిన్ని నవ్వింది. "మరి ఇదంతా ఎందుకు మోసుకొచ్చారు బావా?"

"ఊరికే. కొత్త కారు చూద్దామని."

"పలకరింపుకొచ్చినవాడు పరుపు చుట్టుకొచ్చినట్టుంది" అంది మామ్మ. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు, కానీ నావైపు చూడలేదు. చూడకపోవడం వల్లే ఆయన ఎందుకొచ్చారో నాకు తెలిసింది.

వచ్చినందుకు ఒకసారి ఆయిల్ మట్టమన్నా చూస్తానని లేచి, "అమ్మలూ, గుడ్డ పట్రా" అన్నారు. మెట్ల కింది గుడ్డల్లో ఒకటి తీసుకుని పరిగెత్తాను. నాన్న బానెట్ ఎత్తి నిలబెట్టారు. అరుగు మీదికి వచ్చి కూర్చున్న వాళ్ళకీ మాకూ మధ్య అది అడ్డుగోడలా లేచింది. గేజి పుల్ల లాగి, తుడిచి, మళ్ళీ ముంచి తీసి నాకు చూపించారు.

"మట్టం సరిపోయిందా?" అన్నారు.

సరిపోయిందని తలూపాను. రంగు ఇంకా తేనెలాగే ఉంది, కొంచెం ముదిరింది, అంతే. ఆయన ఒక బొట్టు వేళ్ళ మధ్య రాసి చూసి, పుల్ల మళ్ళీ ముంచారు. మళ్ళీ తీశారు, మళ్ళీ తుడిచారు. మట్టం అన్నిసార్లు చూడక్కర్లేదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

కాలేజీ ఎలా ఉందని ఇంజన్‌ని చూస్తూ అడిగారు. ఇక్కడ ధార లేదు, బొట్లు లేవు. నేను తలెత్తితే ఆయన మొహం ఉంటుంది, ఆయన తల తిప్పితే నా మొహం ఉంటుంది.

"నాన్నా" అన్నాను.

"ఊఁ."

అంతలో నా మోచేతి కిందనుంచి చిట్టెలుక దూరి పుల్ల పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. దాని చెయ్యి లాగేసరికి రాగం ఎత్తుకుంది. ఆ ఏడుపుకి బాబాయి వచ్చి, ఎలా ఉందన్నయ్యా అని తొంగిచూశారు. బాగుంది, ఇప్పుడు తీస్తే మంచి ఆయిల్ పారబోసినట్టేనని చెప్పి నాన్న బానెట్ దించేశారు.

భోజనాలయ్యాయి. చీకటి పడకముందు ఊరు చేరాలంటే నాన్న మూడింటి బస్సుకే వెళ్ళాలి. నేను గిన్నెలు కడుగుతుంటే మామ్మ వెనకాల వచ్చి నిలబడింది. "అడగందే అమ్మైనా పెట్టదే పిల్లా" అంది. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

బయట బాబాయి నాన్నని సంతోషపెట్టాలని చూస్తున్నారు. మన బండి ఊళ్ళోనే తిరుగుతుంది కదా, దుమ్ములో చిన్న దూరాలు తిరిగే బళ్ళకి సగానికే, అంటే ఐదువేలకే మార్చమని అదే పుస్తకంలో ఉంది, అప్పుడు మాత్రం మీరే రావాలి అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. నాన్న అలాగేనని ఆయిల్ డబ్బానీ ఫిల్టరునీ మెట్ల కింద నా బేసిన్ పక్కన పెట్టారు. దుప్పటి మడత చూశారు. దాన్ని చేత్తో ఒకసారి సవరించారు.

మీటరు ఈ నడకన ఐదువేలకి చేరేసరికి నా పరీక్షలు కూడా అయిపోతాయి.

నాన్నని బస్సు దగ్గర దింపడానికి బాబాయి కారు తీసి వీధిలో పెట్టి, ఇంజన్ ఆపకుండానే దిగి, గేటు వేయడానికి వెళ్ళారు. నాన్న ముందు సీట్లో కూర్చుని ఖాళీ సంచీని ఒళ్ళో మడతపెట్టుకుంటున్నారు. నేను వెళ్ళి తెరిచి ఉన్న తలుపు అంచు పట్టుకున్నాను. ఆయన మొహం చూడలేదు. మోకాళ్ళు చూశాను. చూస్తూ చెప్పాను.

"నాన్నా, నేను ఇంటికొచ్చేస్తాను."

ఆయన చేతులు సంచీ మీద ఆగిపోయాయి. వెనక గేటు గొళ్ళెం పడిన చప్పుడైంది. బాబాయి అడుగులు ఇటే వస్తున్నాయి.

"ఐదువేలకి వస్తాగా అమ్మలూ" అన్నారు నాన్న, నా పాదాల వైపు చూస్తూ. "అప్పుడు ఆఖరి బొట్టు దాకా కూర్చుందాం."

బాబాయి అటువైపు వచ్చి ఎక్కారు. నాన్న తలుపు అంచు మీదనుంచి నా వేళ్ళని ఒక్కొక్కటే విడదీసి, నలగకుండా పక్కకి జరిపారు. ఆయనకి ఎవరూ నేర్పలేదు. అయినా ఆ తలుపుని మెల్లగా, చప్పుడే రాకుండా వేసేశారు.