పత్తి చేనికి గట్టు

భీమవరం దగ్గర బుచ్చిరాజు వరిచేను ఊరికే పోలేదు. పక్కవాళ్ళు రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీళ్ళు పెడితే పోయింది. అడిగితే నువ్వూ తవ్వుకోమన్నారు. తవ్వే స్తోమతు లేక చింతలపూడి మెట్టలో బోరున్న భూమి కౌలుకు తీసుకుని పత్తి వేశాడు. ఇదీ పోతే మళ్ళీ భూమి ఇచ్చే నాథుడు లేడు. అది తలుచుకుంటేనే అతని భార్య జానకీదేవికి ఒళ్ళు మండుతోంది.

కాలువ కింద పుట్టిన మనిషి కదా, వచ్చీరాగానే చేను చుట్టూ గట్టు వేశాడు. పత్తికి గట్టేమిటని మెట్టవాళ్ళు విరగబడి నవ్వారు. "ఒక తడి ఇచ్చి ఆరనివ్వండి రాజుగారూ, యూరియా మొక్క మొదట్లో కొంచెం కొంచెం వేయండి" అని పక్కచేను చంద్రరావు ముందే చెప్పాడు. బుచ్చిరాజు లెక్కలో తడంటే నీళ్ళు నిలబడడమే. కరెంటు వచ్చినప్పుడల్లా బోరు మోటారు వేశాడు. ఆ నీళ్ళలోనే వరికి చల్లినట్టు యూరియా చల్లాడు. మొక్కలు నడుం ఎత్తున నల్లగా ఎదిగితే మీసం దువ్వాడు.

అంతలో ముసురు పట్టింది. వాననీళ్ళనీ ఆ గట్టు కదలనివ్వలేదు. చేను నీళ్ళలో నిలబడే వాడిపోయింది. మొగ్గలు రాలి నీళ్ళమీద తేలుతున్నాయి. జానకీదేవి ఒక మొక్క పీకితే వేరు కుళ్ళి కంపు కొట్టింది.

పార తీసింది.

"ఏం చేస్తున్నావ్ జానకీ?"

"గట్టు తెంపుతున్నానండి."

"నిన్ననేగా మళ్ళీ యూరియా చల్లింది. అంతా కొట్టుకుపోద్ది."

"వేరు చచ్చాక అదెవరు తింటారండి, మీరా?"

"నాకు నేర్పుతున్నావా? తాతల నాటి వ్యవసాయం మాది."

"మీ తాతలు పండించింది వరండి. ఇది వరి కాదని గింజ నాటిన రోజునుంచీ మొత్తుకుంటున్నాను."

తన చేలో నిలబడి చంద్రరావు నవ్వుతున్నాడు. "వరి ఆకుమడి బాగా పెంచారండి రాజుగారూ."

"నవ్వండి. నీళ్ళు వచ్చేది మీ చేలోకే" అంది జానకీదేవి.

అతని నవ్వు ఆగిపోయింది. "ఇటొద్దమ్మా, అటు వాగువైపు తెంపండి."

"అయితే పార పట్టుకు రండి."

చంద్రరావు గొణుక్కుంటూ వచ్చాడు. పల్లం వైపు మొక్కలు ఇక బతకవని ఆమెకు తెలుసు. మెరక వైపువి మిగలాలి. వాగువైపు గండి పడగానే మురుగునీళ్ళు బొళబొళా పోసాగాయి. బుచ్చిరాజు తల పట్టుకుని గట్టుమీద చతికిలబడ్డాడు.

"లేవండి. రెండో గండి కొట్టాల్సింది మీరు కూర్చున్నచోటే" అంది జానకీదేవి.