ఊపిరి కోసమని చెప్పిన ముక్కు

ముక్కును చూడగానే అది పుట్టుకతో వచ్చిందో, డాక్టరు చెక్కిందో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ విద్యలో నన్ను మించినవాడు ఇంతవరకూ పుట్టలేదు. సరే, నా గొప్పలకేం గాని, కోటేరు సంగతి చెబుతాను.

కోటేరు అన్నది మా వీధిలో సెలూన్ నడిపే ఆయనకు మేం పెట్టిన పేరు. కోటేరు వేసినట్టుండే ముక్కు మరి. ఆయన ఫ్యాను కింద నిలబడితే ఆ ముక్కు కొస గాలిని నిలువునా చీల్చి, రెండు కుర్చీల వాళ్ళకూ చెరిసగం పంచుతుందని చెప్పుకునేవాళ్ళం. ఊరందరికీ గాలి పంచిన ముక్కు తన యజమానికి మాత్రం దారివ్వడం మానేసింది.

గట్టిగా పీలిస్తే చాలు, ముక్కుపుటాలు తడిసిన కాగితంలా లోపలికి అతుక్కుపోయేవి. ముద్ద నోట్లో పెట్టుకుంటే నమలాలో, ఊపిరి పీల్చాలో తేల్చుకోవాలి. మంచంమీద వాలితే గుండెలమీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుండేది. కుర్చీలో కూర్చునే కునికేవాడు.

"ఏమోయ్ కోటేరూ, గడ్డం గీస్తున్నావా, కొలిమి తిత్తి ఊదుతున్నావా?" అని ఒకరోజు రిటైరైన పోస్టుమాస్టరు నురగలోంచే ఎకసెక్కమాడాడు.

కోటేరు బొటనవేలితో ఆయన ముక్కుకొస పైకెత్తి, మీసం పై అంచున కత్తి ఆనించాడు. సరిగ్గా అప్పుడే ఊపిరందలేదు. చెయ్యి ఉలిక్కిపడింది. తెల్లటి నురగలో ఎర్రటి గీత.

"పోనీలేవోయ్, మీసం కిందికి పోతుంది" అని పోస్టుమాస్టరు నవ్వేశాడు. కోటేరుకు నవ్వు రాలేదు. అదే చెయ్యి నాలుగు వేళ్ళు కిందికి జారితే గొంతు. కత్తి మడిచి, ఆ పూటే షట్టరు దించేశాడు.

ఆయనకు తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. పెళ్ళయిన కొత్తలో, ఇంకా ఈ వీధికి రాకముందు, రోజంతా అద్దంలో తన బంగాళాదుంప ముక్కు చూసుకోలేక దాన్ని చెక్కించుకున్నాడు. ఇంట్లో మాత్రం ఊపిరాడక ఆపరేషన్ అన్నాడు. పనిలోపనిగా సన్నబడిందట! నేనా? ఇరవై ఏళ్ళు ఆ ముక్కు కింద గడ్డం చాపి కూర్చుని, అది పుట్టుకతో వచ్చిందేనని పందేలు కాశాను. నా విద్య అంతటిది.

మర్నాడు భార్యే ఆయన్ను ముక్కు డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరమ్మ లైటు వేసి లోపలికి చూసింది.

"మధ్యగోడ వంకరైతే సరిచేస్తాం. కండ ఉబ్బితే తగ్గిస్తాం. పక్కగోడలు కూలితే చెవిలోంచి మెత్తటి ఎముక తీసి ఆసరా కడతాం. ఇదివరకు ఆపరేషనేదైనా అయిందా?"

"అయిందమ్మా" అంది భార్య. "అప్పుడూ ఇలాగే గాలాడక. ఆ వారమే నాకు నర్సు ట్రైనింగు పరీక్ష. మానేసి, పక్కనే కూర్చుని దూది మార్చాను."

"ఊపిరికేనా? అందానికి పైన చెక్కలేదు కదా? ఏం తీశారో తెలీకుండా నేను కత్తి పెడితే, ఉన్న కాస్త ఆసరా కూడా కూలిపోతుంది. సరిగ్గా చెప్పండి."

"ఊపిరికేనమ్మా. చెప్పండేం?" అని భార్య మోచేత్తో పొడిచింది.

కోటేరు నోరు తెరిచాడు. అవునంటే ముక్కు కూలుతుంది. కాదంటే ఇల్లు కూలుతుంది. కళ్ళనీళ్ళు రాగానే ఉన్న ఆ సన్నటి దారి కూడా మూసుకుపోయి, ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకున్నాడు.

"చెక్కించుకున్నాను" అన్నాడు చివరికి. "అందానికే. అప్పుడు ఊపిరి బాగానే ఆడేది."

భార్య ఆయన వంక చూడలేదు. ఒళ్ళోని సంచీ పిడిని మెలితిప్పుతూ కూర్చుంది.

"మంచిపని చేశారు చెప్పి" అంది డాక్టరమ్మ. "ఆసరా కడితే ముక్కు వెడల్పవుతుంది. ఈ కొస ఉండదు."

"తట్టలా ఉన్నా సరేనమ్మా. ఊపిరివ్వండి."

భార్య ఆపరేషనుకు ఒప్పుకోలు కాగితం లాక్కుని సంతకం పెట్టింది. "ముందు ఊపిరి పోయండమ్మా. నేను తిట్టాలన్నా ఈ మనిషి బతికుండాలిగా!" అంది.

ఆపరేషనైంది. మొన్న నోరు మూసుకుని నాకు గడ్డం గీశాడు. ముక్కు చపాతీలా పరుచుకుంది. లోపల గాలి సుళువుగా తిరుగుతోంది.

"ఇంట్లో తిట్లెలా ఉన్నాయోయ్?" అన్నాను.

"ఇంకా మొదలెట్టలేదు, పెద్దాయనా" అన్నాడు, కత్తి దులుపుతూ.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. సంతకం పెట్టాక ఆవిడ అన్నదని నేను చెప్పిన ఆ మాట నాది. నిజానికి ఆవిడ పెన్ను బల్లమీద పెట్టి, ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయింది.