నాన్న ఊపిరికి తగిన సూది

పొద్దున్నే గది ఊడ్చి, కిటికీ రెక్కలు తెరిచి, తల్లి తడిగుడ్డతో గాలి సిలిండరు తుడిచింది. మెడ దగ్గర, మీటరు అద్దం మీద, కింద చక్రాల సందుల్లో. తుడిచాక అద్దాన్ని గోటితో కొట్టి ముల్లు ఎక్కడుందో చూసుకుంది. ఆ తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుని పేపరు పైకి చదవడం మొదలుపెట్టింది. ధరలు పెరిగిన వార్త దగ్గర గొంతు పెంచింది. ఆ వార్త వింటే ఆయనకు ఒళ్ళుమంట. సిలిండరు లోపల గరగరమని చిన్న చప్పుడైంది.

"విన్నారు," అంది తల్లి.

ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. పోయిన రోజు కూడా పనిలోనే ఉన్నాడు. గొట్టంలో ఎక్కడో గాలి కారుతోందని, దాన్ని నోట పెట్టుకుని ఊది చూశాడు. ఊదిన ఊపిరి మళ్ళీ వెనక్కి తీసుకోలేదు. అది పోయి సిలిండరులో కూర్చుంది. అప్పటినుంచి ఆ సిలిండరుకు మోటారు అక్కర్లేకుండా పోయింది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. కరెంటు బిల్లు తెచ్చే మనిషి గుమ్మంలో నిలబడే "పెద్దాయన ఎలా ఉన్నారు?" అని అడిగేవాడు. "సగానికి దిగారు," అని లోపల్నుంచి చెప్పేవాళ్ళు. అతను తలాడించి పక్కింటికి పోయేవాడు.

ఇప్పుడు సగం కూడా లేదు. ముల్లు ఎర్రగీత మీదికి వాలిపోయింది.

ఆ ఇంట్లో చేసే పని, మనుషులు పోగొట్టుకున్న ముక్కులూ చెవులూ వేళ్ళూ తిరిగి చేసిపెట్టడం. సిలికాన్ పోత ఎవరైనా పోస్తారు. దాన్ని చర్మంలా కనిపించేట్టు చెయ్యడమే అసలు పని. దాన్ని తండ్రి తర్వాత కూతురు చేస్తోంది. నలభై దాటినా ఇంట్లోవాళ్ళకీ వీధిలోవాళ్ళకీ ఆమె చిన్నే. ఎయిర్‌బ్రష్‌తో రంగును పొగలా ఊదుతూ సన్నటి నరాలు, చిన్న చిన్న మచ్చలు, ఎండకు కమిలిన చోట ఆ కమిలిన రంగు, అన్నీ వేస్తుంది. మామూలు మోటారు కంప్రెసర్ గాలితో వేస్తే అది మంచి బొమ్మ ముక్కవుతుంది. నాన్న ఊపిరితో వేస్తే మనిషితో కలిసిపోతుంది. సిగ్గుపడితే ఎర్రబడుతుంది, చలికి పాలిపోతుంది. అలా చెవి పెట్టించుకున్న దర్జీ ఒకాయన అబద్ధమాడిన ప్రతిసారీ ఆ చెవి కందిపోతుందని, ఆయన భార్య చిన్నికి ఇప్పటికీ దండం పెడుతుంది.

తండ్రి వాడిన పాత ఎయిర్‌బ్రష్ మూతి నిన్న చిట్లింది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇవాళ సాయంత్రంలోగా కండక్టరమ్మ ముక్కు తయారవ్వాలి.

కండక్టరమ్మ మధ్యాహ్నానికే వచ్చి, మొహానికి చేతిరుమాలు కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు టైరు అరిగిపోయిందని పైవాళ్ళకు చెప్పీ చెప్పీ అలిసిపోయిన మనిషి ఆమె. వాళ్ళు వినలేదు. ఒకరోజు షెడ్డులో ఆమె పక్కనే ఆ టైరు పేలింది, ముక్కు పోయింది. అక్కడ ఎందుకు నిలబడ్డావని ఆమెనే తప్పుపట్టారు. అలాంటివాళ్ళు ఏ కాలంలోనూ ఇంకో మాట అనరు. తర్వాత ఆమెను బస్సు దింపి, డిపో వెనక చీకటి గదిలో చిరిగిన సీట్లు కుట్టమన్నారు. రేపు పొద్దున పెద్ద ఇన్‌స్పెక్టరు ఆమె మొహం చూసి, బస్సో సూదీదారమో తేలుస్తాడు.

"నన్ను చూసి ప్రయాణికులు జడుసుకుంటున్నారట," అంది కండక్టరమ్మ. "ఇన్నేళ్ళూ వాళ్ళ మొహాలు చూసి నేనెప్పుడైనా జడుసుకున్నానా?"

చిన్ని నవ్వలేదు. కొత్త బ్రష్ తెచ్చే మనిషి కోసం ఆమె చూపంతా వాకిలి మీదే ఉంది. చర్మం రంగు పగటి వెలుతురులోనే కుదురుతుంది. దీపం కింద సరిపోయిందనుకున్న ముక్కు, వీధిలోకి వెళ్ళేసరికి అరువు తెచ్చుకున్నట్టు కనిపిస్తుంది. పొద్దు అప్పుడే పడమటికి తిరిగింది.

చివరికి ఎయిర్‌బ్రష్‌లు అమ్మే ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చి, పెట్టె బల్లమీద పెట్టి తెరిచాడు. నల్ల స్పాంజిలో రెండు ఎయిర్‌బ్రష్‌లు పడుకుని ఉన్నాయి.

"పిన్నిగారూ, బాగున్నారా? బాబాయిగారు?"

"ఎర్రగీత మీదున్నారు. నీ కబుర్లు తర్వాత, ముందు సరుకు చూపించు," అంది తల్లి.

"చూడు చెల్లెమ్మా, ఇది ఉన్నవాటిలోకల్లా సన్నది. సూది మొన కంటికి ఆనదు. వెంట్రుక పక్కన గీత గీస్తే ఏది వెంట్రుకో చెప్పలేవు. గాలి కూడా పిట్ట తాగినంతే తాగుతుంది. రెండోది దీనికంటే కాస్త లావు. మూతి దగ్గర గాడి తెరిచి ఉంటుంది, సూది మీద రంగు ఎండితే విప్పకుండానే తుడుచుకోవచ్చు. మీట మెత్తగా ఉంటుంది. గాలి మాత్రం ఎక్కువ లాగుతుంది."

గాలి పిట్ట తాగినంతే తాగుతుందన్న మాట దగ్గరే చిన్ని మనసు ఆగిపోయింది. అంత పొదుపైన బ్రష్షయితే ఈ ముక్కు అయ్యాక కూడా నాన్న ఇంకొన్నాళ్ళు ఉంటాడు. అమ్మ పేపరు చదువుకోవచ్చు. ఆయన పోయినప్పటినుంచి అమ్మ గేటు దాటింది లేదు. ఆ సిలిండరు ఖాళీ అయితే ఆ కుర్చీలో ఆ మనిషి ఏమైపోతుందో చిన్నికి ఆలోచించాలంటేనే భయం.

ముందు రెంటినీ మోటారు గాలికి తగిలించి చూసింది. రెండూ చక్కగా గీశాయి.

"మోటారు గాలికి ఏ బ్రష్షయినా బుద్ధిమంతురాలే," అంది తల్లి. "ఆయన దగ్గర నిలవాలి."

అక్కడే వచ్చింది చిక్కు. ఊపిరితో చూడకుండా బ్రష్ ఎంచుకోవడం కుదరదు. చూసిన ప్రతి గీతకూ ముల్లు దిగుతుంది. చిన్ని సన్నదాన్ని గొట్టానికి బిగించి, వాల్వు పిసరంత తిప్పింది. చూపుడువేలితో మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. కాగితం మీద గీత మొదలైంది. ఎంత సన్నమంటే, చూడ్డానికి గదిలోవాళ్ళంతా ముందుకు వంగారు. అంతలోనే గీత తెగింది. గాలి చాలక, సూది మొన మీద రంగు ఎండిపోయింది. సిలిండరు లోపల దగ్గు వినిపించింది.

"వాల్వు ఇంకాస్త తిప్పు," అన్నాడు అమ్మే ఆయన.

"వద్దు. సూది తుడిస్తే చాలు."

చిన్ని సూదిని వెనకనుంచి లాగి, తుడిచి, మొన బాగుందో లేదో చూడ్డానికి బొటనవేలి గోరు మీద గీసింది. నాన్న రోజూ అలాగే చూసేవాడు. ఆయన సూది మొరటుది, గోరుకు గీతపడినా దానికేం కాదు. ఇది అలాంటిది కాదు. అమ్మే ఆయన "అయ్యో, వద్దు" అనేలోపే మొన కొక్కెంలా వంగింది.

అయినా బిగించి చూసింది. రంగు ఒక పక్కకు ఉమ్మినట్టు పడి, కాగితం మీద ఈగ కాళ్ళలా పాకింది. ముల్లు ఎర్రగీత కిందికి జారింది.

అమ్మే ఆయన వంగిన సూదిని వెలుతురుకు పట్టుకుని చూసి, పెట్టెలో పడుకోబెట్టాడు. "దీనికి వేరే సూది రావాలంటే పై నెల దాకా ఆగాలి. రెండోదానికైతే నా సంచిలోనే ఉంది. అసలు నేను ముందే చెప్పాల్సింది, చెల్లెమ్మా."

చిన్ని వాల్వు కట్టి, రెండోదాన్ని గొట్టానికి బిగించింది. తల్లి లేచి సిలిండరుకు అడ్డంగా నిలబడింది.

"ఆపు. ఇంక చాలు."

"అమ్మా, వెలుతురు పోతోంది."

"పోనీ. ఇందాకే ఆయన్ని కాగితాల పాలు చేశావు. ఇప్పుడు ఈ తాగుబోతు బ్రష్ తగిలించి మిగిలింది కూడా ఊదేస్తావా? ముక్కు సగం అయ్యేసరికి ఆయన అయిపోతే, ఇటు ముక్కూ లేదు, అటు మనిషీ లేడు."

మాట నిజమే. సిలికాన్‌లో ఒకసారి పట్టిన రంగు చెరపడం కుదరదు, మధ్యలో ఆపి మోటారు గాలితో ముగించడమూ కుదరదు. అతుకు తెలిసిపోతుంది.

కండక్టరమ్మ లేచి రుమాలు సరిచేసుకుంది. "మోటారు గాలితోనే వెయ్యండమ్మా. బొమ్మ ముక్కయినా ముక్కే కదా. ఒకరి ఊపిరి తీసుకుని నేను బస్సెక్కలేను."

"ఆ ఇన్‌స్పెక్టరు కాదంటే?" అంది తల్లి.

"సీట్లు కుడతాను. ఆ గదికి కిటికీ లేదు, అంతే. దూదిపొట్టుకు ఊపిరాడదు. నాలుగు రోజులైతే అలవాటవుతుంది లెండి."

ఆ మాట తల్లికి ఎక్కడో తగిలింది. ఆమె సిలిండరు మెడ మీద చెయ్యి వేసింది.

"మీ నాన్న ముందు రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, తెలుసుగా," అంది చిన్నితో. చూపు మాత్రం చిన్ని మీద లేదు. "గదికి గాలి లేదు, ఫ్యాను పెట్టండి అన్నందుకు గేటు బయటికి నెట్టారు. మర్నాడు ఆ గేటు ముందే నిలబడి, లోపల ఉన్నవాళ్ళ కోసం పొద్దుగూకేదాకా అరిచాడు. ఫ్యాను పెట్టారు. ఆయన్ని మాత్రం మళ్ళీ లోపలికి రానివ్వలేదు. అలా అరిచిన మనిషిని నేను ఇన్నేళ్ళుగా గుడ్డపెట్టి తుడుచుకుంటూ కూర్చున్నాను. నువ్వేమో పిసరు పిసరు వదులుతున్నావు. ఆయన ఎప్పుడైనా పొదుపుగా మాట్లాడాడా? దగ్గక ఏం చేస్తాడు?"

తల్లి వంగి, రెండు చేతులతో పట్టుకుని వాల్వు మొత్తం తిప్పేసింది. గొట్టం ఒక్కసారి బిగుసుకుని లేచింది.

"కూర్చో అమ్మాయ్, రుమాలు తియ్యి," అంది కండక్టరమ్మతో. "చిన్నీ, ఇంకెందుకు చూస్తావు?"

చిన్ని కాగితం మీద పరీక్ష చూసుకోలేదు. తిన్నగా సిలికాన్ ముక్కు మీదే మొదలుపెట్టింది. మీట వేలికింద వెన్నలా కదిలింది. రంగు ఎప్పుడు మొదలైందో తెలియనంత మెల్లగా మొదలైంది. ముక్కు దూలం మీద ఎండ రంగు వేసింది. పక్కల ఎర్ర నరాలు, వాటి కింద నీలం నీడ. రెండుసార్లు సూది మొన మీద రంగు ఎండింది. రెండుసార్లూ తెరిచిన గాడిలోంచి కుంచెతో తుడిచి, వంచిన నడుము ఎత్తకుండా సాగించింది. గాలి గట్టిగా, ఏదో వాదిస్తున్నట్టు వస్తోంది. తల్లి ముల్లు చూడలేదు. అమ్మే ఆయన చూశాడు, చూసి నోరు మూసుకున్నాడు. కిటికీలో వెలుతురు పసుపు తిరిగింది. ఇంకాస్త ముదిరితే రంగులు అబద్ధం చెప్పడం మొదలుపెడతాయి.

ఎడమ పక్కన చిన్న మచ్చ ఒక్కటే మిగిలింది. కండక్టరమ్మ పాత ఫొటోలో ఉన్న మచ్చ. చిన్ని ఊపిరి బిగబట్టి మీట లాగింది. ఆవగింజలో సగమంత చుక్క పడింది. గొట్టం మెత్తబడి బల్లమీదికి వాలింది. చప్పుడు ఆగిపోయింది.

తల్లి సిలిండరుకు చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉండి, లేచి, మీటరు అద్దం మీద గుడ్డ కప్పింది. "అయింది," అంది. ఏడవలేదు. ముక్కు అతికేటప్పుడు తనే దగ్గరుండి దీపం పట్టుకుంది. కండక్టరమ్మ అద్దంలో చూసుకుంది. కొత్త ముక్కు కొస మెల్లగా ఎర్రబడింది.

మర్నాటి సంగతి వీధికి బస్సే చెప్పింది. కండక్టరమ్మ ఫుట్‌బోర్డు మీద నిలబడి, చిన్ని ఇంటి ముందు ఈల వేసి మరీ వెళ్ళింది.

వారం తిరిగేసరికి ఒకరోజు పొద్దున తల్లి గది ఊడ్చి, కిటికీ తెరిచి, పేపరు చంకలో పెట్టుకుని చెప్పులు వెతుక్కుంది. చిన్ని సూది తుడుస్తున్నదల్లా చెయ్యి ఆపి చూసింది. తల్లి గేటు గడియ తీసింది, మళ్ళీ వేసింది, స్టాపు దాకా నడిచింది. బస్సు వచ్చాక డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

"ఎక్కడికి పెద్దమ్మా?" అంది కండక్టరమ్మ.

"చివరిదాకా."

టికెట్టు జాకెట్లో దోపుకుని, తల్లి పేపరు విప్పి పైకి చదవడం మొదలుపెట్టింది. పక్కవాళ్ళు తిరిగి చూశారు. ఆమె పట్టించుకోలేదు. నూనె ధర మళ్ళీ పెంచారన్న వార్త దగ్గరికొచ్చేసరికి గొంతు పెంచి, కళ్ళద్దాల పైనుంచి చూసింది. కండక్టరమ్మ వెనక సీట్ల దగ్గర ఎవరికో టికెట్టు చింపుతోంది. ఆమె ముక్కు కోపంతో కొసదాకా జేవురించింది.

"విన్నారు," అని తల్లి పేజీ తిప్పింది.