తిరగేయని అంజూరాలు

నబీల్ కారు తాళాలు ఆడించుకుంటూ హాల్లో పదోసారి తిరిగాడు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి మూడు వారాలైంది. పెట్రోలు ఇవాళే దొరికింది, ఇవాళే బయల్దేరాలి: బస్రా, బాగ్దాద్, ఆపైన జోర్డాన్‌లో అమ్మాన్. పనిమనిషి గురమ్మ పాస్‌పోర్టు అతని చొక్కా జేబులో ఉంది. ఆ జేబు ఎటు తిరిగితే గురమ్మ కళ్లు అటే. అమ్మాన్ చేరితే విమానం, అక్కణ్నుంచి రాయచోటి. అడ్డమల్లా ఒకటే. నబీల్ తల్లి కదలనంటోంది.

ఆవిడ బాల్కనీలో దుప్పటి మీద అంజూరపళ్లు ఆరబోసి కాపలా కూర్చుంది. అరబ్బీలో అమ్మంటే మామా; గురమ్మకు ఆవిడ పెద్దమామా.

"పెద్దమామా, లెయ్, యల్లా! తుపాకులోళ్లు ఈదిలోనే ఉండారు," అంది గురమ్మ.

"ఇంకా రెండు రోజులు ఎండాలి. ఖలాస్."

"అంగట్లో కొన్న పండ్లకు ఇంత యవ్వారమా?"

పెద్దామె మొహం చిట్లించి, పాలస్తీనాలో తన ఊరి సంగతి ఎత్తుకుంది. ముప్పై ఇళ్ల కొండపల్లె. గోధుమలు తిండికే చాలవు. పెళ్లి చేసినా, పన్ను కట్టినా ఎండిన అంజూరాలు గాడిదలకెత్తి పట్నంలో అమ్మాకే. కాపుకొస్తే ఊరంతా ఇళ్లు వదిలి తోటల్లోని రాతిగుడిసెల్లో రెండు నెలలు కాపురం. పొద్దున ఒక పక్క, మాపటికి ఇంకో పక్క తిప్పాలి, మరిస్తే పురుగే. ఎండకముందే తోట దిగిన కోడలికి ఊళ్లో పరువుండదు. నలభై ఎనిమిది యుద్ధంలో ఫిరంగులు మోగితే, వారంలో వచ్చేద్దామని మామగారు అందర్నీ దింపేశాడు. మళ్లీ ఆ కొండెక్కింది లేదు.

"ఒక పక్కే తిప్పాను. ఎవరు తిప్పుంటారే రెండో పక్క?"

కిందనుంచి హారన్ మోగింది. నబీల్ కారెక్కేశాడు.

"ఎండ ఈడొక్కసోటే ఉండాదా పెద్దమామా? బాగ్దాద్ దారంతా ఎండే గదా! కారు మింద పరుస్తా. తిప్పేది నా పని."

"తడిచేత్తో ముట్టుకుంటావు నువ్వు."

"తుడుసుకుంటాలే తల్లీ, లెయ్!"

కారు మీద గురమ్మ పరిచిన దుప్పటి, పళ్లు, పైన కప్పిన దోమతెర చూసి నబీల్ నోరు తెరిచాడు. "పోవాల్నా వద్దా బాబా?" అంది గురమ్మ. నోరు మూసి తాడు తెచ్చాడు.

బస్రా దారిలో తనిఖీ. సైనికుడు నబీల్ ఇచ్చిన పాస్‌పోర్టులన్నీ ఎడమచేత పట్టుకుని, కుడిచేత్తో తెర ఎత్తి ఒక పండు తీశాడు.

"పెట్టెయ్!" పెద్దామె కిటికీలోంచి అరిచింది. "పచ్చిది. కడుపునొప్పి తెచ్చుకుంటావ్!"

నబీల్ కళ్లు మూసుకున్నాడు. సైనికుడు ఆవిడవంక చూసి, పండు పెట్టేశాడు.

"గురమ్మా, దిగు. బోర్లా పెట్టాడు వెధవ."

గురమ్మ దిగింది. పండు సరిగా తిప్పి, తెర కప్పి, సైనికుడి ముందు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి దించలేదు.

అతను ఆమె పాస్‌పోర్టు ఆమె చేతిలోనే పెట్టాడు.

కారు కదిలాక నబీల్ వెనక్కి తిరిగి, "ఇటియ్యి" అని జేబు చూపించాడు. గురమ్మ పాస్‌పోర్టు గుప్పిట బిగించి, అరబ్బీ రానట్టు కూర్చుంది.