ఏడుకొండలు సఫారీ

ప్యాంటు సీటు దగ్గర పట్టుకుని ఎండకెత్తి చూసింది వెంకటలక్ష్మి. గుడివాడ వీధుల్లో పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే పని ఆమెది.

"గుడ్డ పలచబడిపోయిందండీ. చిన్న గిన్నె వస్తుంది."

"మరి దీనికి?" అంటూ ఆండాళ్ బీరువాలోంచి బూడిదరంగు సఫారీ జత తీసింది.

వెనకాలే ఆమె భర్త ప్రసాద్ మాస్టారు పరుగెత్తుకొచ్చారు. "అది ప్రమోషనుకి కుట్టించుకున్నది! కాస్త ఒళ్ళు తగ్గితే పడుతుంది."

"రిటైరై ఇన్నేళ్ళయింది. ఇంకా తగ్గుతూనే ఉన్నారు."

ఆయన పంతానికి కోటు తొడిగి బొత్తాం పెట్టారు. అది తెగి వెంకటలక్ష్మి తపేలాలో ఠంగుమంది. ముందుగా నవ్వింది మాస్టారే.

"పట్టుకెళ్ళమ్మా. ఎవరికి?"

"మా ఆయనకండీ. సముద్రం మీద చేపల వేటకెళ్ళేవోడు. గుండెనొప్పొచ్చాక ఇంట్లోనే ఉంటన్నాడు."

"ఇంట్లోకి సఫారీనా!"

పెళ్ళయిన దగ్గర్నుంచీ వెంకటలక్ష్మి మొగుడు ఏడుకొండలు ఊరివాళ్ళ బీరువాల్లోంచే తొడుక్కున్నాడు. కండక్టరు ఖాకీ ప్యాంటుతో వల లాగాడు. బ్యాంకు మేనేజరు చొక్కాతో చేపలు మోశాడు. "ఇదేసుకున్నకాణ్ణించీ అందరూ నన్ను లోన్లు అడుగుతున్నారే" అని మొరపెట్టుకున్నాడు కూడా.

ఇంటికెళ్ళే బందరు బస్సులోనే వెంకటలక్ష్మి బొత్తాం కుట్టేసింది. ఇంటికొచ్చి ఇవ్వగానే ఏడుకొండలు సఫారీ తొడుక్కుని వీధిలోకి నడిచాడు. వల అల్లుతున్న బంగార్రాజు లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, తుఫాను సాయం ఎప్పుడిస్తారండీ?"

"పరిశీలిస్తాం" అన్నాడు ఏడుకొండలు, కనురెప్ప కదపకుండా. వీధంతా గొల్లుమంది.

తిరిగొచ్చి కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు.

"ఏమే, నిజంగా ఆఫీసర్నైతే ఎట్టా ఉండేది?"

"నన్ను చేసుకునేవోడివా మావా?"

"ఎందుకు చేసుకోను? నీ గంపకి డ్రైవర్ని పెట్టేవోణ్ణి."

ఆమె నవ్వుకుంటూ పులుసు కలపడానికి లోపలికెళ్ళింది. వచ్చేసరికి అతని తల పక్కకి వాలి ఉంది.

"ఆఫీసరుగారూ, అన్నం పెట్టానండీ."

దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది. మళ్ళీ పిలిచింది, ఈసారి పేరు పెట్టి.

బంగార్రాజు వచ్చాడు, వీధి వచ్చింది. ఎవరో కుర్చీ జరిపారు, ఎవరో చాప పరిచారు. గది మూల మాత్రం, సఫారీ ప్యాంటు ఎక్కించుకుంటూ అతను జారవిడిచిన గళ్ళ లుంగీ గుండ్రంగా అలాగే పడి ఉంది, మధ్యలో రెండు పాదాలు పట్టేంత చోటుతో.