నలకలు కానివి

చచ్చిన ఈగ కంట్లో వెలుగు పెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. ప్రాణం పోయిన కాసేపటికే దాని కన్ను మసకబారుతుంది, మీసాలు వేలాడిపోతాయి, ఒళ్ళు ఎండిన ఆకులా ముడుచుకుపోతుంది. ఆ ముడతలు సాపు చేసి, మీసాలు నిలబెట్టి, కంటి మీద కిటికీ వెలుగు పడ్డట్టు ఓ చిన్న మెరుపు దిద్ది, అలికిడైతే ఎగిరిపోతుందేమో అన్నట్టు తయారు చేసేవాడు పళ్ళ డాక్టరుగారి బావమరిది.

కెమెరా డాక్టరుది, ఫోటో కింద పేరూ డాక్టరుదే. కింది అంతస్తులో క్లినిక్, పైన ఇల్లు. పేషెంట్లు కూర్చునే హాల్లో గోడల నిండా ఫ్రేములు. తలుపంత కందిరీగ, దిండంత చీమ తలకాయ, వేళ్ళాడే సాలీడు. పంటినొప్పితో వచ్చినవాళ్ళు కాసేపు నొప్పి మరిచిపోయి నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు. "ఎలాగూ నోరు తెరిపించాలి కదా, నాకు సగం పని తగ్గింది" అనేవాడు డాక్టరు.

క్లినిక్‌కీ ఇంటికీ మధ్య, మెట్లు మలుపు తిరిగే చోట, ఓ ఇరుకు గది ఉంది. ఒకప్పుడు అందులో విరిగిన కుర్చీలూ, పేషెంట్ల పళ్ళకి తీసిన సున్నపు అచ్చులూ పడేసేవాళ్ళు. కుర్చీలు పోయాయి కానీ అచ్చులు అరల్లో అలాగే ఉన్నాయి. వాటి మధ్య ఓ మంచం, ఓ కంప్యూటరు, బావమరిది. గదికి తలుపు లేదు, కర్టెన్ ఉంది. డాక్టరు దాన్ని ఎప్పుడు పడితే అప్పుడు సర్రున లాగేవాడు.

"ఏరా తుడుపుగుడ్డా, అయిందా?"

అదీ అతని పేరు ఆ ఇంట్లో. ఫోటోల్లో దుమ్మూ ధూళీ తుడుస్తాడని బావ పెట్టిన పేరు. పెళ్ళి పెటాకులై, పని చేసే స్టూడియో మూతపడి, ఓ సంచీ భుజాన వేసుకుని అక్క గుమ్మం తొక్కాడు. "నాలుగు రోజులు ఉండరా" అంది అక్క. ఆ నాలుగు రోజులూ సాగి సాగి ఏళ్ళయ్యాయి.

బావకి వేళాకోళానికి మనిషి దొరికాడు. ఎవరొచ్చినా పిలిచి చూపించేవాడు. "బావమరిది బతకగోరతాడని సామెత కదండీ. మావాడు అంతకంటే ఒక మెట్టు పైన. చచ్చినదాన్ని కూడా బతికిస్తాడు. వాడి బతుకొక్కటే వాడికి చేతకాలేదు." వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. తుడుపుగుడ్డ కూడా పెదాలు సాగదీసేవాడు. భోజనాల దగ్గరా అదే వరస. "కంచం కూడా ఎంత శుభ్రంగా తుడిచావురా! మీ అక్కకి కడిగే పని తప్పించావ్." అక్క తల వంచుకుని వడ్డించేది. ఆయన లేచి వెళ్ళాక తమ్ముడి కంచంలో ఇంకాస్త వేసేది. "పట్టించుకోకురా. నోరే గానీ మనసులో ఏం ఉండదు." ఆ ఒక్క మాట పట్టుకుని అతను మళ్ళీ మెట్ల గదిలోకి వెళ్ళి కూర్చునేవాడు.

ఓ రోజు మ్యూజియం మేడమ్ దవడ పన్ను పీకించుకోడానికి వచ్చింది. ఆ ఊరి పెద్ద మ్యూజియంలో పురుగుల విభాగం మొత్తం ఆవిడ చేతికింద ఉంది. హాల్లో కందిరీగ ఫోటో ముందు నిలబడి ఎంతసేపటికీ కదలదు. కుర్చీలో కూర్చోబెట్టి, చిగుళ్ళకి మత్తు సూది గుచ్చాక కూడా అదే ధ్యాస.

"ఆ కండిలీగ ఎవలు చేశాలు?" అంది, సగం మొహం మొద్దుబారిపోయి.

"నేనే తీశానండీ. మాట్లాడకండి, నాలిక కొరుక్కుంటారు."

"తీసింది కాదు. చేసింది."

ఆ టైముకి బావమరిది ఏదో ఫ్రేము మోసుకుంటూ లోపలికి వచ్చాడు. డాక్టరు చేతిలో పట్టకారు అలాగే ఉంచుకుని, "ఇడుగోనండీ, మా ఇంటి తుడుపుగుడ్డ" అన్నాడు. మేడమ్ నవ్వలేదు. మత్తు వల్ల నవ్వలేదేమో అనుకున్నాడు డాక్టరు.

పన్ను పీకడం అయ్యాక, నోట్లో దూదితోనే ఆవిడ అతన్ని పక్కకి పిలిచింది. మాట నెమ్మదిగా, ముద్దముద్దగా వచ్చింది కానీ విషయం సూటిగా ఉంది. మ్యూజియంలో పురుగుల ఫోటోలు సరిచేసే మనిషి రిటైరైపోయాడు. అరల నిండా పెట్టెలు, పెట్టెల నిండా పురుగులు, ముట్టుకునే దిక్కులేదు.

"మనిషికి జీతం ఉంటుంది. వెనకాల ఒక గది ఇస్తాం. చిన్నదే. కానీ తలుపు ఉంది, తాళం ఉంది."

"తాళం నా దగ్గరే ఉంటుందాండీ?" అన్నాడు అతను. తప్పేదో అడిగినట్టు వెంటనే నాలిక కరుచుకున్నాడు.

"మీ గది తాళం మీ దగ్గర కాక ఎవరి దగ్గర ఉంటుంది? ముందు మీ పని చూడాలి. ఒక పేడపురుగుని పంపిస్తాను. డాక్టరుగారు ఫోటోలు తీస్తారు, మీరు సరిచేసి తీసుకురండి."

డాక్టరు ఎంతో మర్యాదగా, "మావాడు బాగుపడితే మాకంటే సంతోషించేవాళ్ళెవరండీ?" అన్నాడు. ఆవిడ అటు వెళ్ళగానే ఇటు తిరిగి, "మ్యూజియంలో పెట్టేవి రెండేరా, చచ్చినవీ పనికిరానివీ. నీకు రెండు రకాలుగానూ సీటు గ్యారంటీ" అన్నాడు.

ఒక్క విషయం చెప్పుకోవాలి. నోరు ఎలాంటిదైనా, ఫోటోలు తీయడంలో డాక్టరు మోసం చేయలేదు. మ్యూజియం గోడ మీద తన పేరు పడుతుందన్న ఆశ ఆయనకీ ఉంది. పురుగుని సూది మీద నిలబెట్టి, పళ్ళు చూసే దీపం దాని మీదకి వంచి, ఊపిరి బిగబట్టి తీశాడు. అంత దగ్గరగా తీస్తే పురుగు మొత్తం ఒక్క ఫోటోలో స్పష్టంగా రాదు. కొమ్ము స్పష్టంగా వస్తే కాలు మసక, కాలు వస్తే పొట్ట మసక. అందుకని కెమెరాని వెంట్రుకవాసి జరుపుతూ ఫోటో మీద ఫోటో తీయాలి. తర్వాత వాటిని పొరలు పొరలుగా పేర్చి, ఒక్కో పొరలోంచి స్పష్టంగా ఉన్న ముక్కని మాత్రమే ఏరుకుని ఒకే బొమ్మ చేయాలి. ఆ ఏరుకోవడమే తుడుపుగుడ్డ విద్య. కాలి మీది ఒక్కో వెంట్రుకకీ చుట్టూ దెయ్యం నీడలాంటి గీత వస్తుంది. అది తీసేయాలి. వెంట్రుక మాత్రం పోకూడదు.

మొదలుపెట్టబోతుంటే అక్క కర్టెన్ పక్కకి తప్పించి వచ్చింది. క్లినిక్‌లో ఫోన్ దగ్గర కూర్చునేది ఆవిడే.

"మీ మేడమ్ ఫోన్ చేసిందిరా."

"ఏమంది అక్కా?" కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"శుభ్రంగా ఉండాలంది. ఒక్క నలక కూడా కనిపించకూడదట."

"అంతేనా?"

"అంతే. ఇంకేముంటుంది?"

రోజుల తరబడి కూర్చున్నాడు. నల్లటి పెంకు మీద నీలం నిగనిగ తేలింది. ముందుకాళ్ళ రంపపు పళ్ళు ఒక్కోటీ విడివిడిగా నిలబడ్డాయి. బావ కర్టెన్ లాగి, చూసి, ఏదో అనబోయి ఊరుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఊరుకున్నాడంటే పని ఎంత బాగా వచ్చిందో అర్థం చేసుకోవచ్చు.

చివరికి పొట్ట కింద, కాళ్ళు అతుక్కునే చోట ఆగిపోయాడు. అక్కడ పాలిపోయిన గింజలు కొన్ని గుంపుగా ఉన్నాయి. మట్టి అయితే అంచులు గరుకుగా ఉంటాయి. ఇవి నున్నగా, ఉబ్బెత్తుగా ఉన్నాయి. పెద్దది చేసి చూస్తే ఒకదాని పక్కన దారపు పోగుల్లాంటివి కూడా ఉన్నట్టున్నాయి. మంచినీళ్ళిచ్చి వెళ్ళబోతున్న అక్కని పిలిచాడు.

"అక్కా, ఇవి చూడు. నలకల్లా లేవు. మేడమ్‌కి ఫోన్ చేసి ఒక్క మాట అడగనా?"

అక్క వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"దుమ్మేదో, కానిదేదో కూడా తెలీదా ఇతనికి అనుకోదూ? మొదటి పనికే అడుక్కుంటూ వెళితే ఏం బాగుంటుంది? ఒక్క నలక ఉండకూడదని చెప్పింది కదా. తుడిచెయ్యి."

అక్క మాట అతనికి వేదం. ఒక్కో గింజనీ తుడిచాడు. తుడిచిన చోట వెనకాల ఎలాంటి పెంకు ఉండాలో అలాంటి పెంకే గీశాడు. అక్కడ ఎప్పుడూ ఏమీ లేదన్నంత నమ్మకంగా వచ్చింది. అంత చక్కటి పని తన జన్మలో చేయలేదు.

మ్యూజియంలో మేడమ్ బల్ల ముందు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పక్కనే పొడుగాటి నడవా, ఆ చివర ఓ మూసిన తలుపు. తనకిస్తామన్న గది అదే అయి ఉంటుందనుకున్నాడు. మేడమ్ బొమ్మ తెరిచి, "అబ్బ" అంది. కొమ్ము చూసి, కాళ్ళు చూసి, మళ్ళీ "అబ్బ" అంది. తర్వాత పొట్ట కిందికి జరిగింది. ఆగింది. ఇంకా పెద్దది చేసింది.

"ఏవీ?"

"ఏమిటండీ?"

"నల్లులు. ఈ పేడపురుగు మీద ఎక్కి తిరిగే సన్న నల్లులు. వాటి కోసమే కదా ఈ పురుగుని పంపింది!"

అతను కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "నలక అనుకుని... తుడిచేశానండీ. అడుగున పొర ఉంది, ఇప్పుడే మళ్ళీ తెస్తాను." మౌస్ అందుకుని పైపొర మూశాడు. గింజలన్నీ ఠక్కున వచ్చి కూర్చున్నాయి, దాక్కున్న పిల్లలు బయటపడినట్టు.

మేడమ్ మొహంలో మెత్తదనం రాలేదు. "తేగలరు, సరే. రేపు నేను చూడని పెట్టెలో ఇంకేం తుడిచేస్తారో నాకేం తెలుసు? పొట్ట కింద ఉన్నవాటిని ముట్టుకోవద్దని ఫోన్ చేసి మరీ చెప్పాను."

"నాకు ఆ మాట చెప్పలేదండీ."

"ఫోన్ తీసిన ఆవిడ నాకు మళ్ళీ అప్పజెప్పింది కూడా. 'పొట్ట కింద తెల్ల గింజలు, తుడవకూడదు, అంతేనాండీ' అని. ఆవిడెవరు?"

"మా అక్క."

"తప్పు అక్క మీదకి తోయకండి" అంది మేడమ్. బొమ్మ మూసేసింది. "డాక్టరుగారి ఫోటోలు బాగున్నాయి, అవి ఉంచుకుంటాం. ఆయన పేరు వేస్తామని చెప్పండి."

సాయంత్రం బావ ఆ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "పేరు నాకు, పేడ నీకు! ఒరేయ్, దుమ్ము తుడవడం ఎవడైనా చేస్తాడు. రాబోయే ఉద్యోగాన్ని తుడిచిన మొనగాడివి నువ్వేరా!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళాడు.

వంటింట్లో అక్క ఫ్రిజ్ తుడుస్తోంది. కింది అరలో డాక్టరుగారి పురుగుల డబ్బాలుంటాయి. చలికి బిగుసుకుని కదలకుండా ఉంటాయని ఆయన అందులో పెడతాడు.

"తెల్ల గింజలు తుడవకూడదని నీకు చెప్పిందట" అన్నాడు తమ్ముడు.

అక్క చెయ్యి ఆగలేదు. డబ్బాలు ఒక్కోటీ తీసి, కింద తుడిచి, మళ్ళీ పెట్టింది. అబద్ధమాడుతుందేమో అనుకున్నాడు. ఆడితే నమ్మేవాడే.

"చెప్పింది" అంది.

"మరి?"

"నువ్వు రాకముందు ఈ ఇంట్లో ఆయన నోటికి ఎవరున్నార్రా? నేనొక్కదాన్నే. నా ఎత్తు పళ్ళూ, నా చదువూ, నా నడకా. పేషెంట్ల ముందు, పనిమనిషి ముందు, మన అమ్మ ముందు. నువ్వొచ్చిన రోజు నుంచి నా జోలికి రావడం మానేశారు. ఆ రోజు నేను ఎంత హాయిగా నిద్రపోయానో నీకు తెలీదు."

"తమ్ముణ్ణనుకున్నాను. దోమతెరనన్నమాట."

"కడుపు నిండా పెట్టాను కదరా ఇన్నాళ్ళూ! చొక్కాలు ఉతికాను. జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను. అదంతా దొంగప్రేమ కాదు." అప్పుడు తిరిగి చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు, భయం ఉంది. "నువ్వు వెళితే నీకు ఓ గది వస్తుంది. నాకేం వస్తుంది చెప్పు?"

అతను మెట్ల గదిలోకి వెళ్ళి, ఒకప్పుడు తనతో స్టూడియోలో పనిచేసిన ఆయనకి ఫోన్ చేశాడు. ఆయన ఇప్పుడు బస్టాండు దగ్గర పాస్‌పోర్టు ఫోటోల కొట్టు నడుపుతున్నాడు.

"మొటిమలు తుడుస్తావా?" అన్నాడు ఆయన.

"తుడుస్తాను."

"పడుకోడానికి బల్ల తప్ప ఇంకేం లేదు మరి."

"చాలు."

సంచీ సర్దడానికి ఎంతోసేపు పట్టలేదు. అప్పటికి బావ వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. "ఎక్కడికిరా? అలకా? వెళ్ళు, వెళ్ళు. రెండు రోజుల్లో తోక ముడుచుకుని వస్తావ్. కర్టెన్ అలాగే ఉంచుతాలే."

"రాను బావగారూ."

మెట్ల దగ్గర అక్క సంచీ పట్టుకుంది. గొంతు తగ్గించి, "ఇవాళ వద్దురా. ఆయన మంచి ఊపు మీదున్నారు. రేపు పొద్దున్నే వెళ్ళు, నేనే ఆటో పిలుస్తాను. ఇవాళ ఒక్క రాత్రి ఉండు" అంది.

అతను ఆవిడ వేళ్ళు ఒక్కోటీ విప్పాడు. నొప్పి పుట్టకుండా, ఎండిన పురుగు కాళ్ళు విరక్కుండా విప్పినట్టు విప్పి, చెయ్యి ఆవిడ పక్కన వదిలేసి, మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

మలుపు దాటకముందే పైనుంచి బావ గొంతు వినిపించింది. "ఏమే, గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకు చూస్తావేం? మూసుకో. అరెరె, మూసుకుంటే మాత్రం ఆ పళ్ళు లోపలికి వెళతాయా? చూడు, తమ్ముడికంటే ముందు అవే గడప దాటేశాయి!"

ఆగాడు. పైన గరిటె గిన్నెకి తగిలిన శబ్దం వచ్చింది. ఆవిడ వడ్డిస్తోంది.

వెనక్కి ఎక్కితే మెట్లు నాలుగే. ఎక్కుదామనే అనుకున్నాడు. కానీ కడుపులోంచి ఏదో పొంగుకొచ్చింది. ఏడుపనుకుని పళ్ళు బిగబట్టాడు. ఏడుపు కాదు, నవ్వు. తమ్ముడికంటే ముందు పళ్ళు గడప దాటాయట. ఆపుకోబోయాడు, ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోతుంటే, చీకటి హాల్లో తను వెలుగు పెట్టిన కళ్ళన్నిటి ముందు నుంచీ నడిచి వీధిలోకి వచ్చేశాడు.