ధరణి ఫోనులో మొదటి తెర

తప్పు నాదే. అది ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

జూన్ రెండో ఆదివారం నా భార్య ధరణి ఫోను ‘నిల్వ నిండిపోయింది’ అని పదే పదే చూపించసాగింది. ఆమె మరణించి అప్పటికి మూడు నెలలు. రోజూ ఫోను ఛార్జింగు పెడుతున్నాను తప్ప తెరిచి చూడలేదు. అందులో ఆమె ఫోటోలున్నాయి, గొంతు ఉంది. నిండిపోతే అవి చెడిపోతాయేమోనని భయం వేసింది. ఆ హెచ్చరిక మీదే నొక్కి నేరుగా సెట్టింగుల్లోకి వెళ్ళాను. అక్కడి జాబితాలో ఎప్పుడూ వినని పేరున్న యాప్ ఒకటి కనిపించింది. ధరణి దాన్ని వాడి ఉండదనుకుని ‘డేటా తొలగించు’ నొక్కాను. నిజంగానే తొలగించాలా అని అది అడిగింది కూడా. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు ప్రశ్న పూర్తిగా చదవమని చెబుతున్నవాణ్ణి, చదవకుండానే సరే అన్నాను.

ఆ యాప్ పేరు లాంచర్. ఫోను తెరవగానే కనిపించే తెర మీద ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో గుర్తుంచుకునేది అదేనట. నేను వెనక్కి వచ్చేసరికి తెర మీద గడియారం, కెమెరా, ఇంకో నాలుగు బొమ్మలు మాత్రమే ఉన్నాయి. దుకాణంలో పెట్టెలోంచి తీసిన రోజున ఎలా ఉందో అలా.

ఫోటోలు భద్రంగా ఉన్నాయి. పేర్లు, నంబర్లు ఉన్నాయి. ఏమీ పోలేదు కదా అని ఎవరైనా అంటారు. కానీ కరీంనగర్ ఆసుపత్రిలో ఉన్న ఇరవై మూడు రోజులూ ధరణి రోజులో ఎంతోసేపు ఆ తెర మీద బొటనవేలితో ఏదో జరుపుతూ ఉండేది. సెలైను ఎక్కని చెయ్యి అదొక్కటే. “కళ్లకు కాస్త విశ్రాంతి ఇవ్వు” అంటే “సర్దుతున్న, జర ఆగు” అనేది. నేను పక్కన కుర్చీలో పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతూ ఉండేవాణ్ణి. ఏం సర్దుతున్నావని అడగలేదు. ఆమె చేతులు చేసిన చివరి పని అది. దాన్ని చూడకుండానే చెరిపేశాను.

చెరిగింది ఎక్కడో ఒకచోట ఫైలుగా ఉండే ఉంటుందని నా నమ్మకం. బడిలో ఇరవై ఏళ్ల నాటి హాజరు పట్టీ కూడా ఏదో బీరువాలో దొరుకుతుంది. ఆ రోజు సాయంత్రం దాకా ఫోనులోని ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరిచాను. ఒకదానిలో ఫోటోలు, ఒకదానిలో పాటలు, ఒకదానిలో ఆమె ఎప్పుడో దింపుకున్న కరెంటు బిల్లులు. ‘ఆండ్రాయిడ్’ అన్నదానిలో వరసగా ఇంగ్లీషు పేర్లు, తెరిస్తే అన్నీ ఖాళీ. ఒక వీడియోలో ఒకతను ముప్పై సెకన్లలో అయిపోతుందన్నాడు. అతని ఫోనులో ఉన్న మీట నా ఫోనులో లేదు. ఇంకొకతను నిమిషం పాటు తన చానెల్ గురించి చెప్పి, ఆ ఫైలు మామూలుగా కనిపించదని చెప్పి ముగించాడు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. తుడిచి మళ్లీ ఛార్జింగు పెట్టాను.

మర్నాడు బడి వదిలాక గోదావరిఖని చౌరస్తా దగ్గర మొయినుద్దీన్ దుకాణానికి వెళ్ళాను. అతను నా దగ్గర పదో తరగతి చదివాడు. ఫోన్లు బాగుచేయడంలో మంచి పేరుంది.

అంతా విని తల గోక్కున్నాడు. “ఫైల్ ఉంటది సార్. లేదంటలేను. గాని మనకు కనబడది.”

“కనబడనిది ఉందని నీకెలా తెలుసు?”

“మీరే చెప్పేటోళ్లు గద సార్, భూమి లోపట బొగ్గు కనబడకున్నా ఉంటదని.”

“బొగ్గుకైతే దారి తవ్వుతారు.”

“దీనికి గూడ తవ్వొచ్చు. గాని తవ్వితే పైకప్పు మొత్తం కూలుతది. తాళం తీసినమంటే ఫోన్ల ఉన్నదంత సాఫ్. ఫోటోలు, అక్క వాయిస్‌లు, అన్ని.” ఫోను నా వైపు తిప్పాడు. “తీసినా ఫాయిదా లేదు సార్. మీరు తుడిచిన్రు గద. ఇప్పుడు గా ఫైల్ల ఉన్నది గీ ఖాళీ తెరనే.”

ఆ మాట మెల్లగా చెప్పాడు. నేను ఫోను తీసుకుని బయటికి వచ్చేశాను. వెళ్లొస్తానని కూడా చెప్పలేదు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి కేకేశాడు.

“సార్! అక్క ఫోన్ ఎప్పుడన్న వైఫైకి కలిపిన్రా?”

“మా ఇంట్లో వైఫై లేదు.”

“ఎక్కడన్న ఒక్కసారి కలిపినా చాలు. గూగుల్‌ల నకలు పడి ఉంటది. జర ఇటు ఇయ్యున్రి. ఇంకెక్కడ వైఫై గిట్ల పెట్టకున్రి, ఖాళీ తెర పోయి పాత నకలు మీద కూసుంటది.”

నకలు ఉంది. తేదీ ఫిబ్రవరి తొమ్మిది. మా బడి వార్షికోత్సవం రోజు. ధరణి వచ్చి ఆఫీసు గదిలో కూర్చుని, ఫోను ఛార్జింగు పెట్టి వైఫై అడిగింది. ఆమెను ఆసుపత్రిలో చేర్చింది పంతొమ్మిదిన. నేను వెతుకుతున్న తెర ఆ పంతొమ్మిదికి తర్వాతది. పది రోజులు తక్కువ పడింది.

“ఉన్నదైనా చూద్దాం సార్” అన్నాడు మొయినుద్దీన్.

దానికి కూడా ఒక మెలిక. ఆ నకలు దిగాలంటే అదే కంపెనీ ఫోను, పూర్తిగా ఖాళీ చేసింది కావాలి. మొదటిసారి తెరిచినప్పుడు తప్ప దిగదు. ధరణిదీ నాదీ ఒకే రకం, ఒకే రోజు కొన్నవి. నా ఫోను ఖాళీ చేయమన్నాను. నా ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించి తుడిచేశాడు. ఓటీపీ ధరణి నంబరుకే వస్తుందని ఆమె సిమ్ము తీసి నా ఫోనులో వేశాడు. అంతా సిద్ధమయ్యాక ఎవరో వచ్చి స్క్రీన్ గార్డు అడిగారు. అతనితో మాట్లాడుతూ ‘దాటవేయి’ నొక్కేశాడు. మళ్లీ మొదటి నుంచి తుడవాలి.

“పబ్లిక్ పరీక్షలో కూడా ఇలాగే ఒక పేజీ వదిలేశావు” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“గా పేజీకే ఫెయిలైన సార్” అని నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు.

ఇంకో గంట పట్టింది. గీత నిండుతూ తొంభై దగ్గర ఆగి, చాలాసేపు అక్కడే ఉండి, చివరికి తెర వచ్చింది.

రెండు పేజీల నిండా చిన్న చిన్న బొమ్మలు. అవి యాప్‌లు కావు. ఒక్కొక్కటీ ఒక్కో ఫోను నంబరు, నొక్కితే నేరుగా కాల్ వెళ్తుంది. కింద పేర్లు: ‘143 సదయ్య ఇల్లు’, ‘97 సుమైరా’, ‘310 బాయికాడి అవ్వ’. లెక్కపెడితే ముప్పై నాలుగు. అంకెలు వరసలో లేవు, పేర్లు వరసలో లేవు. ఏ పద్ధతిలో పెట్టిందో అర్థం కాలేదు. అర్థం కాకపోవడం నన్ను మరింత బాధించింది. పదహారేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం.

ధరణి గని మీద ల్యాంప్ రూములో పనిచేసేది. తండ్రి కొమురెల్లి గని పనికి అన్‌ఫిట్ అయ్యాక వారసత్వంగా వచ్చిన ఉద్యోగం. లోపలికి దిగే మనిషి అక్కడ టోకెను ఇచ్చి తన నంబరున్న తలదీపం తీసుకుంటాడు, సెల్‌ఫోను అప్పగించి పోతాడు. ఫోను లోపలికి పట్టుకుపోకూడదు. షిఫ్టు దాటి మనిషి పైకి రాకపోతే ఇంటివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. అప్పగించిన ఫోను అరలో మోగుతూనే ఉంటుంది. అందుకని ధరణి తన ఫోను నుంచి వాళ్లకు తానే చేసి చెప్పేది. అది నాకు తెలుసు. అంతమందికి అని తెలియదు.

మరుసటి రోజు సెలవు పెట్టి గని మీదికి వెళ్ళాను. ల్యాంప్ రూములో రబియా బీ ఉంది. ధరణి చోట ఇప్పుడు ఆమె. ఆసుపత్రికి రెండుసార్లు వచ్చి చూసిపోయింది. గేటు దగ్గర నన్ను ఎవరూ ఆపలేదు. మూడున్నర కావస్తోంది, మొదటి షిఫ్టు వాళ్లు ఒక్కొక్కరే దీపాలు ఇచ్చి వెళ్తున్నారు. రబియా నన్ను కిటికీ పక్క బెంచీ మీద కూర్చోబెట్టి, చల్లటి నీళ్లిచ్చి, తెర చూసింది.

“యా అల్లా, ఇది పాతది సార్. అన్ని ఉన్నయి ఇందుల.”

“చివరిది పోయింది. ఆసుపత్రిలో ఏదో సర్దుతూ ఉండేది. ఏం సర్దిందో నీకేమైనా తెలుసా?”

“సర్దుడు కాదు సార్, ఛార్జి ఇచ్చుడు.” అంటూనే కిటికీలోంచి వచ్చిన దీపం అందుకుని అరలో తగిలించింది. “మా దగ్గర షిఫ్టు దిగేటప్పుడు మన జాగల వచ్చినోళ్లకు అర అరకు చెప్పాలె. ఏ దీపం పైకి రాలే, ఎందుకు రాలే. చెప్పకుంట పోతే దిగినట్టు కాదు. ధరణక్క దవాఖాన నుంచి నాకు రోజుకొకటి రెండు నంబర్లు పంపేది. పంపి ఫోన్ చేసి గుణం చెప్పేది. ‘ఈమెకు బీపీ ఉన్నది, ముందుగాల పైకొచ్చిండని చెప్పు, ఆలస్యం ఎందుకో తర్వాత చెప్పు. ఈయన చెవి వినడు, కోడలికియ్యమను.’ రాసుకున్న అక్కా అని నేనంటే చాలు, తెర మీదికెల్లి తీసేసేది. ‘ఒకటి తగ్గింది రబియా’ అని నవ్వేది.”

రెండు రోజులుగా నేను నిండుగా ఊహించుకున్న ఆ తెర రోజురోజుకీ ఖాళీ అవుతూ వచ్చిందన్నమాట. ఆమె తన వేలితోనే ఖాళీ చేసింది.

“నాకు ఒక్క మాట చెప్పలేదు” అన్నాను. గొంతులో కోపం నాకే వినబడింది.

“మీరు పేపర్లు దిద్దుతున్నరట గద సార్. ‘సార్‌ను కదిలియ్యకు’ అనేది.”

కిటికీ దగ్గరికి వచ్చిన ఒకతనికి టోకెను తిరిగిచ్చి పంపింది.

“నీకు ఎన్ని వచ్చాయి?”

ఆమె వాట్సాప్ తెరిచింది. ధరణి పంపినవన్నీ తేదీలతో ఉన్నాయి. రబియా ఒక్కొక్కటే చదివింది, నేను కాగితం మీద రాసుకున్న ముప్పై నాలుగింటిలో కొట్టేస్తూ వచ్చాను. మధ్యలో దీపాలు, మధ్యలో టోకెన్లు. ఒకతను “ఏంది రబియక్కా, తంబోలా ఆడుతున్నరా?” అని అడిగి, నన్ను చూసి తల దించుకుని వెళ్లిపోయాడు. చివరి సందేశం మార్చి పదిన. మొత్తం ముప్పై ఒకటి.

కాగితం మీద మూడు మిగిలాయి. ‘సార్’. ‘బడి ఆఫీసు’. ‘218 ఐలవ్వ’.

మొదటి రెండూ నేనే. తరగతిలో ఉంటే ఫోను ఎత్తనని ఆఫీసు నంబరు పెట్టుకుంది.

“రెండొందల పద్దెనిమిది లింగమూర్తన్న దీపం” అంది రబియా. “ఐలవ్వ ఎవరో నాకు తెల్వది. వాళ్లమ్మనేమో. ఈ నంబరు నాకు రాలే సార్.”

మార్చి పదకొండు నుంచి ధరణి ఫోను పట్టుకోలేకపోయింది. పదమూడున మరణించింది.

ఆలోచించకుండా ఆ బొమ్మ నొక్కాను. రెండో మోతకే ఎత్తారు.

“ధరణీ! ఎటువోయినవ్ బిడ్డా? నెలలాయె గదనే. ఫోన్ కరాబైందా?” ముసలి గొంతు, ఆగకుండా సాగింది. “వానికి ఎన్నిసార్లు చేసినా మోగుడే మోగుడు. మొన్న సుత పొద్దూకినంక వచ్చిండు. అడిగితె పని ఉండె అంటడు. కొడుకులు నిజం చెప్తరానే? ఇయ్యాల గూడ ఇంకా రాలే. లోపట్నే ఉన్నడా?”

ఆమె సిమ్ము నా ఫోనులోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. రబియాకు అవతలి మాటలు వినబడుతున్నాయి. లేచి అరల వెంట వేలు జరుపుతూ వెళ్లి ఒక దీపం దగ్గర ఆగింది. ఛార్జింగులో ఉంది. నా వైపు చూసి తలూపింది.

“పైకి వచ్చాడమ్మా. దీపం ఇచ్చేసి వెళ్ళాడు” అన్నాను.

“నువ్వెవలు?”

“ధరణి భర్తను.”

“సారా? ధరణేది?”

“చనిపోయిందమ్మా. మార్చిలో. జబ్బు చేసింది.”

ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

“నాకెవ్వలూ చెప్పలే” అంది చివరికి.

“మీకు చెప్పాలని మాకు తెలియలేదు.”

“పోరి మంచిది సార్. మా ఇంటి ముఖం సుత చూడలే. గొంతే. మరి రేపటి సంది నాకెవలు చేస్తరు?”

ఫోను రబియాకు ఇచ్చాను. “అవ్వా, నేను రబియాను, ల్యాంప్ రూంల చేస్త. ఇగ నేనే చేస్త నీకు. కోపం చేసుకోకు, నీ నంబరు నా దగ్గర లేకుండె... ఆఁ, మోకాళ్ల నొప్పులా? చెప్పు, వింటున్న.” ఒక పక్క వింటూ, ఒక చేత్తో దీపాలు అందుకుంటూ, అట్ట నోటుబుక్కులో ముప్పై ఒకటో పేరు కింద రాసుకుంది. కాల్ అయ్యాక ఫోను నాకు అందించింది.

“రాసుకున్న సార్.”

ఆ మాట తర్వాత ధరణి ఏం చేసేదో ఇప్పుడే విన్నాను. బొమ్మ మీద వేలు ఉంచి పట్టాను. అది కాస్త వణికి లేచింది. పైకి లాగి వదిలాను. ఆ చోటు ఖాళీ అయింది. పక్కవి కదల్లేదు.

“మిగతాయి నాకు అందినయే” అంది రబియా. “గుర్తుకు ఉంచుకున్రి సార్, ఏమైతది.”

“ఆమె ఉంచుకోలేదు కదా. చదువు.”

ఆమె నా ముఖం చూసింది. నోటుబుక్కు మొదటి పేజీకి తిప్పింది. కిటికీలోంచి ఇంకో దీపం వచ్చింది, తగిలించింది.

“నూట నలభై మూడు” అంది. “సదయ్య ఇల్లు.”

తీసేశాను.